సర్వప్రథమలో గేమింగ్ స్టడీ అవర్

సర్వప్రథమ జూనియర్ కాలేజీ వారి బాలికల బ్రాంచి ఉన్న భవనం ఒకప్పుడు మిర్చి కోల్డ్ స్టోరేజీ. మిరపకాయలు పోయి ఆడపిల్లలు వచ్చాక యాజమాన్యం గోడలకు కిటికీలు పెట్టించింది, తలుపుల మీద సెక్షన్ల పేర్లు రాయించింది, అంతకు మించి ఏమీ మార్చలేదు. తలుపు మూశాక లోపలి సరుకు బయటికి రాకూడదన్న పాత పద్ధతి కొత్త వ్యాపారానికి కూడా చక్కగా సరిపోయింది.

ఆ కాలేజీలో ఫిజికల్ డైరెక్టర్ సువార్త. పిల్లలకు పీడీ మేడం. కాలేజీకి గ్రౌండు లేదు. అయినా పీడీ ఉంది, ఎందుకంటే పీడీ ఉండాలని నిబంధన. గ్రౌండు కూడా ఉండాలని నిబంధనే గానీ, గ్రౌండుకు స్థలం కావాలి, పీడీకి ఒక కుర్చీ చాలు. అందుకని యాజమాన్యం సగం నిబంధనను నూటికి నూరు శాతం పాటించింది.

సువార్త ఒకప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో ఆడిన మనిషి. ఆమె కూతకు వస్తోందంటే అవతలి వాళ్లు ముందే రెండడుగులు వెనక్కి వేసేవాళ్లట. ఇప్పుడామె పని తెల్లవారకముందే పిల్లల్ని నిద్ర లేపడం, స్టడీ అవర్లో కునికే వాళ్ల భుజం తట్టడం, వేసవిలో ఊళ్ల వెంట తిరిగి అడ్మిషన్లు తేవడం. ఈ పనులన్నీ చేస్తూ ఆమె ఏటా ఒకే ఒక్కటి అడిగేది. భవనం పైన విశాలమైన డాబా ఉంది, చుట్టూ ఎత్తైన పిట్టగోడ, దాని మీద ఇనుప వల. కింద మెట్ల తలుపుకు తాళం. సాయంత్రం ఒక్క గంట ఆ తాళం తీయమని ఆమె కోరిక. డీన్ త్రివిక్రమరావు గారు ఏటా ఒకే జవాబు చెప్పేవాడు.

"గంటలో ఎన్ని బిట్లు ప్రాక్టీసు చేయవచ్చో మీకు అవగాహన ఉందా మేడం?"

ఆ ఏడు మాత్రం సువార్తకు పట్టుదల పెరిగింది. దానికి కారణం షాహీన. బైపీసీ మొదటి సంవత్సరం. జిల్లా పరిషత్ హైస్కూల్లో పరుగు పందేలన్నీ తనవే. అలాంటి పిల్ల ఆరు నెలలు గడిచేసరికి మెట్లెక్కి వచ్చి గోడ పట్టుకుని ఆయాసపడుతోంది.

"రాత్రి పరిగెత్తినట్టు కల వచ్చింది మేడం," అంది ఓ రోజు. "కల్లో కూడా వార్డెన్ మేడం ఆపేసింది."

సువార్త నవ్వింది గానీ ఆ నవ్వు మెస్సు దాకా కూడా మిగల్లేదు. ఆ పిల్లను ఎలాగైనా ఈ ఏడే డాబా ఎక్కించాలని అప్పుడే గట్టిగా అనుకుంది.

సరిగ్గా ఆ వారమే డీన్ గారు బెంగుళూరులో ఏదో సెమినార్ విని వచ్చారు. ఆయన సెమినార్‌కు వెళ్లి వస్తే కాలేజీలో ఏదో ఒకటి జరుగుతుంది. కిందటిసారి నీళ్లు తాగే భంగిమ మార్చారు. స్టాఫంతా భయపడుతూనే మీటింగుకు వచ్చి కూర్చున్నారు.

"కొలీగ్స్," అన్నాడాయన. "ప్రపంచం గేమింగ్ యుగంలోకి ప్రవేశించింది. మనమింకా పుస్తకాల దగ్గర ఉన్నాం. కంప్యూటర్ మీద గేమ్ ఆడే వ్యక్తి ముందుకు వంగి కూర్చుంటాడు. చేతి కింద బోలెడు మీటలు. ఏది నొక్కితే ఏమవుతుందో ఆలోచించి, పథకం వేసి నొక్కుతాడు. తద్వారా వ్యూహాత్మక చింతన. కన్సోలు వ్యక్తి వేరు. టీవీ ముందు వెనక్కి వాలి కూర్చుంటాడు. చేతిలో చిన్న పరికరం, రెండు బొటనవేళ్లు. ఆలోచించే వ్యవధి లేదు. కన్ను చూస్తుంది, వేలు కదులుతుంది. తద్వారా తక్షణ చింతన."

బోర్డు మధ్యలో గీత గీసి ఎడమవైపు ఎంపీసీ అని, కుడివైపు బైపీసీ అని రాశాడు.

"ఇంజనీరుకు పథకం కావాలి. సర్జనుకు వేలు కావాలి. కాబట్టి ఎంపీసీకి కంప్యూటరు, బైపీసీకి కన్సోలు. సందేహాలున్నాయా?"

కెమిస్ట్రీ చెప్పే ఇందుమతికి ఒక సందేహం వచ్చింది. "ఆలోచించకుండా వేలు కదిపే సర్జను దగ్గరికి ఎవరెళ్తారండీ?"

"సందేహాలు స్టడీ అవర్లో," అన్నాడు డీన్. "ఇప్పుడు విభాగాధిపతి. గేమ్స్ అనే పదం ఎవరి పరిధిలోకి వస్తుంది?"

అందరూ సువార్త వైపు తిరిగారు.

"నాకు ఫోన్లో అష్టాచెమ్మా ఆడటం కూడా రాదు సార్," అంది సువార్త.

"అదే మీ అర్హత. ఆడటం వచ్చిన వాళ్లకు ఆడాలనిపిస్తుంది."

సువార్తకు డాబా గుర్తొచ్చింది. వెంటనే, "ఇది గెలిస్తే డాబా తాళం ఇప్పిస్తారా సార్? సాయంత్రం ఒక్క గంట," అంది.

డీన్ గారు ఉత్సాహంలో ఉన్నాడు. "రెండు సెక్షన్ల చింతన రెండు విధాలుగా పరిణమించినట్టు శాస్త్రీయంగా రుజువైన పక్షంలో, డాబా మీది," అన్నాడు. పాతికమంది సాక్షులు. సువార్త ఆ క్షణం నుంచి గేమింగ్‌కు నడుం బిగించింది. ఈ కథలో జరిగిన వెర్రిలో సగం ఆమె చేతి మీదుగానే జరిగిందని ఒప్పుకోవాలి.

కంప్యూటర్లు, కన్సోళ్లు, పెద్ద టీవీలు వచ్చాయి. వాటికి పసుపు రాసి బొట్లు పెట్టారు, కొబ్బరికాయ కొట్టారు. అద్దాల గదిలో అమర్చి, పాలిథిన్ కవర్లు తీయకుండానే తాళం వేశారు. తాళం చెవి డీన్ గారి జేబులోకి వెళ్లింది.

"మరి పిల్లలెప్పుడు ఆడతారు సార్?" అంది సువార్త.

"ఆడితే పాడవుతాయి. పైగా ఆడటంలో సమయం వృథా. మన సంస్థకు ఒక పద్ధతి ఉంది కదా. మెటీరియల్ తయారు చేయండి."

సర్వప్రథమలో ఏ విషయమైనా మెటీరియల్ కావలసిందే. సువార్త, ఇందుమతి కలిసి డబ్బాల్లో వచ్చిన సూచనల కాగితాలన్నీ ముందేసుకుని రెండు సంపుటాలు రాశారు. నీలం అట్ట కంప్యూటరు, గులాబీ అట్ట కన్సోలు. స్పైరల్ బైండింగు. గులాబీ సంపుటంలో ఒక బిట్టు ఇలా ఉంటుంది: "ఆటగత్తె ఎదుట గొయ్యి కనిపించినచో చేయవలసినది: ఎ) దూకుట, బి) ఆగుట, సి) వెనుదిరుగుట, డి) పైవేవీ కావు." జవాబు ఎ. కంప్యూటరు సంపుటంలో అదే ప్రశ్నకు జవాబు బి, ఎందుకంటే వాళ్లు ముందు ఆగి పథకం వేయాలి.

మరునాటి నుంచి గేమింగ్ స్టడీ అవర్ మొదలైంది. హాలంతా పిల్లలు ముందుకూ వెనక్కూ ఊగుతూ, "గోడ వస్తే ఎక్కు, గొయ్యి వస్తే దూకు, శత్రువు వస్తే కొట్టు, తలుపు వస్తే నెట్టు," అని ఎక్కాల్లాగా వల్లించారు. అద్దాల గది పక్క నుంచే మెస్సుకు దారి. వెళ్తూ వెళ్తూ లోపలికి చూస్తే మాత్రం జరిమానా, ఎందుకంటే దృష్టి మరలుతుంది.

వారం వారం పరీక్ష. ఎంపీసీ లిఖితకు కంప్యూటర్ గేమింగ్‌లో నూటికి నూరు వచ్చాయి. బస్టాండు ఎదురుగా ఆమె ఫ్లెక్సీ వెలిసింది. ఫొటోలో లిఖిత చేతిలో మౌసు ఉంది. అసలు మౌసు తాళంలో ఉంది గనక, ఆ మౌసును ఫ్లెక్సీ వాళ్లు తర్వాత అతికించారు. బైపీసీలో షాహీన ఫస్టు. ఆ పిల్లకు కన్సోలు ఎంత బరువుంటుందో తెలియదు గానీ, దాని మీద ఏ మీట ఏ వైపు ఉంటుందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

తల్లిదండ్రుల మీటింగు రోజున ఓ రైతు సువార్తను పక్కకు పిలిచాడు.

"మా పిల్ల గేమింగులో వెనకబడిందంట గదా మేడం. ఇంటికొచ్చినప్పుడు దగ్గర కూర్చోబెట్టి చదివిస్తాంలే. ట్యూషనేమన్నా ఉందా?"

"గేములంటే ఇష్టమేనా అండీ పిల్లకి?"

"ఇష్టమెందుకుండిద్దండీ, సబ్జెక్టు గదా," అన్నాడాయన.

ఇంత జరిగినా డీన్ గారికి తృప్తి కలగలేదు. ఎంపీసీ పిల్లలు బైపీసీ పిల్లలతో కలిసి తింటున్నారు, మాట్లాడుకుంటున్నారు. వ్యూహాత్మక చింతనలో తక్షణ చింతన కలిస్తే రెండూ చెడతాయి. "చింతనా కల్తీ నివారణ" అని సర్క్యులర్ వచ్చింది. నడవా పొడుగునా పసుపు గీత గీయించారు. ఒకే గదిలో ఉంటున్న లిఖితనూ షాహీననూ విడదీసి, చెరో అంతస్తులో పడేశారు. వాళ్లిద్దరూ ఇన్నాళ్లూ ఒకే దువ్వెన వాడారు. దువ్వెన ఎవరికి చెందాలో తేలక దాన్ని వార్డెన్ స్వాధీనం చేసుకుంది.

ఇక నుంచి ఎంపీసీ పిల్లలు ఏ ప్రశ్నకూ వెంటనే జవాబు చెప్పకూడదు, బైపీసీ పిల్లలు ఏ ప్రశ్నకూ ఆగకూడదు. మెస్సులో ఎంపీసీ పిల్ల ఇడ్లీ తీసుకునే ముందు చట్నీ ఎటువైపు నుంచి వేయించుకుంటుందో పథకం చెప్పాలి. వాళ్ల వరస ఉదయం మొదలైతే సగంమంది చేతికి ఇడ్లీ అందేసరికి మొదటి క్లాసు అయిపోయేది. బైపీసీ వరస మెరుపులా సాగేది. గరిటె ఎటు కనిపిస్తే అటు కంచం చాపడం వల్ల ఒకమ్మాయి వరసగా మూడు పూటలు ఉత్త పచ్చడే తిన్నది.

ఒక ఉదయం నడవాలోకి కోతి వచ్చింది. ఎంపీసీ పిల్లలు గోడకు ఆనుకుని, కోతి నిష్క్రమణకు గల మార్గాలు మూడు అని నోటు పుస్తకంలో బొమ్మ గీయడం మొదలుపెట్టారు. బైపీసీ వైపు నుంచి ఎవరో కన్ను చూసీ చూడగానే బకెట్టు నీళ్లు విసిరారు. అప్పటికి కోతి వెళ్లిపోయింది. ఆ స్థానంలోకి డీన్ గారు వచ్చారు. నిలువునా తడిసిన డీన్ గారు కళ్లజోడు తుడుచుకుని, సంతోషంగా సువార్త వైపు తిరిగారు.

"ఫలితాలు వస్తున్నాయి మేడం. ఇక రుజువే తరువాయి."

రుజువు కోసం విశాఖ నుంచి డాక్టర్ హైమవతిని పిలిపించారు. ఆవిడ మెదడు మీద పరిశోధన చేసే మనిషి. తల మీద వైర్ల టోపీ పెడితే లోపల ఏం జరుగుతోందో తెర మీద గీతగా కనిపిస్తుంది. మెదడు కదిలితే గీత కదులుతుంది. డీన్ గారు తల్లిదండ్రుల్నీ విలేకరుల్నీ పిలిచి, హాల్లో షామియానా కుర్చీలు వేయించాడు.

"మా పిల్లల తలలు రెండు రకాలుగా పనిచేస్తున్నాయని మీరు నలుగురి ముందూ నిర్ధారించాలి," అన్నాడు.

"పనిచేస్తే కనిపిస్తుందండీ," అందావిడ.

లిఖితను కంప్యూటర్ ముందు కూర్చోబెట్టారు. షాహీనను సోఫాలో కూర్చోబెట్టి, పాలిథిన్ కవరుతో సహా కన్సోలు పరికరం చేతికిచ్చారు. ఇద్దరి తలలకూ టోపీలు. పైన తెర మీద రెండు గీతలు. ఆట మొదలైంది. ఇద్దరి తెరల మీదా ఒక బుల్లి మనిషి నిలబడి ఉన్నాడు. ఎదురుగా గొయ్యి.

పిల్లలిద్దరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. బుల్లి మనిషి కాసేపు నిలబడ్డాడు, ఒళ్లు విరుచుకున్నాడు, ఆవలించాడు, చివరికి నేల మీద కూర్చున్నాడు. లిఖిత చెయ్యెత్తింది.

"మేడం, ఆప్షన్లు రాలేదు."

పైన రెండు గీతలూ పక్కపక్కన తిన్నగా సాగుతున్నాయి.

"రెండూ ఒక్కలాగే ఉన్నాయే," అంది హైమవతి. "ఎక్కాలు అప్పజెప్పే వాళ్లకు ఇలా ఉంటుంది."

డీన్ గారి మొహం పాలిపోయింది. విలేకరులు పెన్నులు తీశారు. డాబా పోయినట్టేనని సువార్తకు అర్థమైంది. ఇక ఎటూ పోయేదేగా అనుకుంది. లేచి సోఫా దగ్గరికి వెళ్లి, షాహీన చేతిలోని పరికరం మీది పాలిథిన్ కవరు పర్రున చింపింది. డీన్ గారు కుర్చీలో ఉలిక్కిపడ్డాడు.

"ఏదో ఒకటి నొక్కమ్మా."

"ఏది మేడం?"

"నాకూ తెలవదు."

"తప్పయితే?"

"అయితే అయిద్ది. నొక్కు."

షాహీన కళ్లు మూసుకుని నొక్కింది. బుల్లి మనిషి లేచి, వెనక్కి తిరిగి, ఎక్కడో ఉన్న చెరువులోకి తలకిందులుగా దూకాడు. బుడగలొచ్చాయి. ఒక కప్ప వచ్చి అతని టోపీ మీద కూర్చుంది. షాహీన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, కానీ నవ్వు ముక్కులోంచి వచ్చేసింది. పైన గీత ఒక్కసారి ఎగిరింది.

ఆ పిల్ల మళ్లీ నొక్కింది. మళ్లీ చెరువు. ఇంకోసారి. ఈసారి గొయ్యి దాటాడు గానీ గోడకు గుద్దుకున్నాడు. ఆమె బొటనవేళ్లు చకచకా కదులుతున్నాయి, నాలుక బయటపెట్టి చూస్తోంది. అది చూసి లిఖిత ఆగలేకపోయింది. తన బుల్లి మనిషిని నాలుగడుగులు నడిపించి ఆపింది. గొయ్యి లోతు చూసింది. పక్కనున్న చెక్కపెట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చి, వంతెన కట్టడం మొదలుపెట్టింది. వంతెన సగంలో కూలింది.

"ఎందుకే అంత కష్టం, దూకెయ్," అంది షాహీన.

"నువ్వు దూకి ఏం పీకావ్, కప్పతో కాపురం చేస్తున్నావ్," అంది లిఖిత.

హాలంతా పగలబడి నవ్వింది. ఎవరి తల్లో లేచి నిలబడి, "ఎడం పక్కకమ్మా, ఎడం పక్కకి," అని చెయ్యూపింది. పైన ఇప్పుడు రెండు గీతలూ లేచాయి. షాహీనది రంపప్పళ్లలాగా పైకీ కిందికీ కొట్టుకుంటోంది. లిఖితది కొండలాగా నెమ్మదిగా ఎక్కి, కాసేపు నిలిచి, మళ్లీ ఎక్కుతోంది.

"ఇదిగో, ఇప్పుడు వేరు వేరుగా ఉన్నాయి," అంది హైమవతి, వేలితో చూపిస్తూ. "మీరు విన్నది అబద్ధం కాదండీ."

డీన్ గారు తెర దగ్గరికి వెళ్లి కళ్లు చికిలించి చూశాడు. "ఇందాకటికీ ఇప్పటికీ ఏం మారింది?"

"ఆడుతున్నారు."

"ఆడుట," అని డీన్ గారు జేబులోంచి కాగితం తీసి రాసుకున్నాడు. "ఈ అంశం మన సిలబస్‌లో లేదే."

ఆయనలో ఏ లోపమున్నా మాట తప్పే మనిషి కాదు. పైగా పాతికమంది సాక్షులతో పాటు ఇప్పుడు విలేకరులు కూడా ఉన్నారు. ఆ సాయంత్రమే ఉత్తర్వు వచ్చింది. "ప్రతిదినము సాయంకాలము ఒక గంట డాబాపై ఆడుట అనే కార్యక్రమము నిర్వహించబడును. హాజరు తప్పనిసరి. ఆట సమయములో ఆనందించుట తప్పనిసరి. ఆనందించని విద్యార్థినులు మరునాడు రెండింతలు ఆనందించవలెను."

తాళానికి తుప్పు పట్టి ఉంటే సువార్త రాయి పెట్టి కొట్టింది. పాత ర్యాంకుల ఫ్లెక్సీలన్నీ మూలకు లాగి, సుద్దతో కోర్టు గీసింది. పిల్లలు పైకి వచ్చారు. వచ్చి, ఎంపీసీ ఒకవైపు, బైపీసీ ఒకవైపు వరసలు కట్టి, నోటు పుస్తకాలు తెరిచి పెన్నుల మూతలు తీశారు. ఆమె చెబుతుంది, రాసుకోవాలని చూస్తున్నారు. గాలికి ఆ పుస్తకాల కాగితాలు రెపరెపలాడాయి.

డీన్ గారు పర్యవేక్షణకు వచ్చారు. స్టాప్‌వాచీ పట్టుకుని, అందరూ ఆనందిస్తున్నారో లేదో బాగా కనబడుతుందని బైపీసీ వాళ్ల కోర్టు నడిమధ్య నిలబడ్డారు.

సువార్త పుస్తకాలు పక్కన పెట్టించింది. ఏమీ చెప్పలేదు. చీర కుచ్చెళ్లు ఎత్తి నడుముకు దోపుకుంది, చెప్పులు విడిచింది, వంగి నేలను తాకి కళ్లకద్దుకుంది. "కబడ్డీ కబడ్డీ కబడ్డీ" అంటూ ఎంపీసీ వైపు నుంచి గీత దాటింది. ఇన్నేళ్ల తర్వాత ఊపిరి ఉంటుందో ఉండదోనని భయపడింది గానీ, ఊపిరి ఉంది. పిల్లలు నోళ్లు తెరుచుకుని చెరో పక్కకు తప్పుకున్నారు. తప్పుకోవడం తెలియని మనిషి అక్కడ ఒక్కడే ఉన్నాడు. ఆమె చెయ్యి చాపి డీన్ గారి మోచెయ్యి తాకి, ఒక్క ఉదుటున వెనక్కి వచ్చేసింది.

షాహీన నెమ్మదిగా అంది.

"సార్ అవుట్."

"నేను ఆటలో లేనమ్మా. పర్యవేక్షణలో ఉన్నాను."

"గీత లోపలున్నారు సార్," అంది లిఖిత, కాసేపు ఆలోచించి.

డీన్ గారు కిందికి చూసుకున్నాడు. నిజమే, గీత లోపలే ఉన్నాడు. నిబంధన అంటే ఆయనకు ప్రాణం. మారు మాట్లాడకుండా వెళ్లి గీత బయట నిలబడ్డాడు.

"నేను మళ్లీ ఎప్పుడు రావచ్చు?"

"మీవాళ్లు అవతల ఒకరిని అవుట్ చేస్తే మీరు బతుకుతారు సార్," అంది సువార్త.

ఆ మాటతో డాబా కదిలింది. షాహీన కూతకు వెళ్లింది. వెళ్లడమేమిటి, పరిగెత్తింది. లిఖిత ముగ్గురిని కూడగట్టి పథకం వేసి ఆమె కాళ్లు పట్టుకోబోతే, షాహీన వాళ్ల మీదుగా ఎగిరి ఒకర్ని కూడా ముట్టకుండా బయటపడింది. పిల్లలు పడ్డారు, లేచారు, మోకాళ్లు గీరుకున్నాయి, జడలు ఊడిపోయాయి. "కాళ్లు కాదమ్మా, నడుం పట్టండి," అని సువార్త గొంతు చించుకుంటోంది. బైపీసీ వాళ్లు మూడుసార్లు కూతకు వెళ్లి మూడుసార్లూ ఉత్త చేతులతో తిరిగొచ్చారు. గీత బయట డీన్ గారు ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నాడు. స్టాప్‌వాచీ ఎప్పుడో జేబులోకి వెళ్లింది.

కింద స్టడీ అవర్ బెల్లు మోగింది. అలవాటు చొప్పున పిల్లలంతా ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. పుస్తకాల కోసం వంగారు.

"ఆగండి," అన్నాడు డీన్ గారు. "ఎక్కడికమ్మా వెళ్లేది? నేనింకా బయటే ఉన్నాను."